తూనీగకి వణుకు

3వ తేదీ, మంగళవారం
ఉదయం 6:40

ఈ డైరీ నాకు విడిభాగాల కొట్టువాళ్ళు ఇచ్చారు, సర్వీసు కాల్స్ రాసుకోమని. ఇవాళ్టి నుంచి దీనికి కొత్త ఉద్యోగం.

సంగతి మొదట్నుంచీ రాసిపెడతాను. నేను బట్టలుతికే మిషన్లు బాగుచేస్తాను. పోయిన నెల కెమెరా ఉన్న చిన్న డ్రోను ఒకటి కొన్నాను. ఇంట్లో దాని పేరు తూనీగ. మా ఆవిడ మాత్రం దోమ అంటుంది.

మా అక్క గీతలు గీస్తుంది. పరుగుపందాల ట్రాకులు, బంతాట కోర్టులు, బళ్ళు నిలిపే స్థలాలు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. తను గీసింది తను ఏనాడూ పైనుంచి చూసుకోలేదు. "పిట్టలు తప్ప ఎవరూ సరిగ్గా చూడని పనిరా నాది" అంటూ ఉంటుంది. అందుకని మొన్న ఆదివారం మా వీధి చివరి బడి మైదానంలో, తను కొత్తగా వేసిన ట్రాకు మీద తూనీగని ఎగరేశాను. ఆకాశంలో కనబడదేమోనని ఎగరేసే ముందు అక్కే ఫ్యానులా తిరిగే దాని నాలుగు రెక్కల కొసలకి పసుపు రంగు వేసింది. తన డబ్బా అడుగున మిగిలిన రంగే. తిరిగితే ఎలాగూ చక్రంలా కనబడుతుంది కదా అని ఒక్కో రెక్కకీ రెండు కొసల్లో ఒకదానికే వేసింది. మొదటి రెక్క మీద కాస్త ఎక్కువ పడితే, తుడవకక్కా, బాగుంది అన్నాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి మరీ వేసింది. శ్రద్ధ అంటే అలా ఉండాలి.

వీడియో వచ్చింది. నేను పూర్తిగా చూసుకోకుండా, ఆనందం పట్టలేక, వీధి గ్రూపులో పెట్టేశాను.

వీడియోలో మైదానం మొత్తం జెల్లీలా ఊగుతోంది. ఎనిమిది వరసల గీతలూ పాముల్లా మెలికలు తిరిగాయి. కెమెరా బొమ్మని పైనుంచి కిందికి ఒక్కో వరసగా పట్టుకుంటుందట. ఆ లోపల డ్రోను వణికితే తిన్నని గీత కూడా వంకరగా పడుతుందట. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. గ్రూపులో ఎవరూ చదవలేదు.

"గీసినావిడ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినట్టున్నారు" అని ఒకరు పెట్టారు. "ఈ గీతల వెంట పరిగెడితే పిల్లలకి కళ్ళు తిరుగుతాయి" అని ఇంకొకరు. దానికి పదకొండు నవ్వు బొమ్మలు.

నిన్న పెద్దమాస్టారు అక్కని పిలిపించారు. 21న బడిలో ఆటల పోటీలు. "కిందినుంచి చూస్తే బాగానే ఉన్నాయమ్మా. కానీ పైనుంచి చూశాం కదా" అన్నారట. మనిషి కంటితో చూసింది నమ్మడు, ఫోనులో చూసింది నమ్ముతాడు. 18 లోపల గీతలు తిన్నగా ఉన్నాయని తేలకపోతే వేరేవాళ్ళని పిలిపించి మొత్తం మళ్ళీ వేయిస్తారట. ఆ మైదానం ఇక అక్కది కాదు. ఒక మైదానం పోయిందంటే కబురు మిగతావాటికి పాకుతుంది.

అక్క నాతో ఒక్కటే అంది. "నా గీత వంకరని ఇరవై రెండేళ్ళలో ఒక్కళ్ళూ అనలేదురా. నువ్వు అనిపించావు."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది.

కాబట్టి దీక్ష. పదిహేను రోజులు. వణుకు లేని వీడియో ఒకటి తీసి పెద్దమాస్టారి చేతిలో పెడతాను. నియమాలు:

1. రోజుకి ఒక్క మార్పే. రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. (ఈ మాట నేను పద్దెనిమిదేళ్ళుగా అందరికీ చెబుతున్నాను.)
2. ఏం చేసినా అదే రోజు రాయాలి.
3. సరిగ్గా వచ్చేదాకా వీడియో ఎవరికీ పంపకూడదు.
4. కోపం తెచ్చుకోకూడదు.

నా వృత్తే వణుకు. స్నానాలగదిలోంచి బయల్దేరి వంటింటిదాకా నడిచొచ్చిన మిషన్లని కూర్చోబెట్టినవాణ్ణి. అరచేతంత తూనీగ నాకొక లెక్కా!

సాయంత్రం 7:00

దీక్ష సంగతి ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది. తారీఖులు మర్చిపోదు.

"పోయినసారి దీక్ష ఏమిటండీ?"

"పొద్దున్నే నడక."

"ఎన్ని రోజులు నడిచారు?"

"నాలుగు."

"మూడు. నాలుగోరోజు చెప్పులు తొడుక్కుని మళ్ళీ పడుకున్నారు."

4వ తేదీ, బుధవారం

మార్పు: స్క్రూలు బిగించాను. పద్నాలుగు. అందులో రెండు నిజంగానే వదులుగా ఉన్నాయి. దొరికింది దొంగ అనుకున్నాను.

మైదానం మీద మూడు నిమిషాలు ఎగరేశాను. ఇంటికొచ్చి వీడియో మా అత్తగారికి చూపించాను. నియమం 3 తప్పలేదు, అత్తగారికి పంపలేదు, చూపించాను. ఆవిడ టెలిఫోను ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి మాటలూ విని ఉన్నారు కాబట్టి దేనికీ తొందరపడరు. కళ్ళజోడు తుడుచుకుని, మొదట్నుంచీ చివరిదాకా చూశారు.

"అల్లుడుగారూ, ఇది నీళ్ళలోపల తీశారా?"

ఫలితం: లేదు. ఉత్సాహం: నిండుగా ఉంది.

5వ తేదీ, గురువారం

మార్పు: కెమెరాకీ ఒంటికీ మధ్య రబ్బరు. పాత మిషను తలుపు చుట్టూ ఉండే రబ్బరు చట్రం కోసి నాలుగు చిన్న ముక్కలు పెట్టాను. సొంత విడిభాగం, సొంత తెలివి.

అత్తగారి తీర్పు: "నిన్న చెరువు. ఇవాళ కాలవ."

అంటే మెరుగైందనా, పాడైందనా? అడిగితే, "నీళ్ళు మాత్రం నీళ్ళే" అన్నారు.

6వ తేదీ, శుక్రవారం

రబ్బరు గట్టిగా ఉందని అర్థమైంది. మెత్తనిది కావాలి. చెవిలో పెట్టుకునే నురగ బిరడాలు దీనికి శ్రేష్ఠమని ఎవరో రాశారు. మా ఆవిడ దగ్గర ఒక డబ్బా ఉంది, నా గురక కోసం. నాలుగు తీసుకున్నాను. డబ్బాలో ఉన్నవీ నాలుగే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఫలితం: కొంచెం మేలు. పెద్ద అలలు పోయి చిన్న అలలు వచ్చాయి.

7వ తేదీ, శనివారం

మా ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు మాడిన రొట్టె పెట్టింది. తిన్నాను.

గాలి ఎక్కువగా ఉంది. ఎగరేయలేదు. గాలి ఉన్నప్పుడు ఎగరేయకపోవడం కూడా శాస్త్రమే.

8వ తేదీ, ఆదివారం

మార్పు: నల్లద్దం. వెలుతురు తగ్గిస్తే కెమెరా ఒక్కో బొమ్మనీ కాస్త నింపాదిగా తీసుకుంటుంది, చిన్న వణుకులు అందులో కలిసిపోతాయి అని చదివాను. అత్తగారి పాత చలువ కళ్ళజోడు అడిగాను. "ఎలాగూ వాడను, తీసుకోండి" అన్నారు. అందులోంచి గోరంత ముక్క కోసి కెమెరా ముందు అంటించాను.

కోశాక తెలిసింది, నేను తీసుకున్నది ఆవిడ వాడేదే. పాతది బల్ల మీద అలాగే ఉంది.

ఇవాళ్టి తీర్పు: "అల్లుడుగారూ, ఇది గ్రహణమా?"

9వ తేదీ, సోమవారం

నాలుగు సర్వీసు కాల్స్. అందులో ఒకరు మిషను కొన్నప్పుడు వెనక బిగించి వచ్చే ప్రయాణం బోల్టులు తియ్యనేలేదు. ఏడు నెలలుగా ఇల్లంతా అదురుతూ ఉంటే, కింద రైలు మార్గం వేస్తున్నారనుకున్నారట. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఎదురుగా ఉన్నది కనబడకుండా ఎలా ఉంటారో మనుషులు.

తూనీగతో వచ్చిన పుస్తకం మళ్ళీ చదివాను. పెట్టెలో అదనపు రెక్కలు ఉంటాయి, అవి వేసి చూడమని ఉంది. వెయ్యను. అక్క అంత శ్రద్ధగా రంగు వేసినవి తీసి పక్కన పడేస్తే ఏమనుకుంటుంది? ఇప్పటికే ఒక మాట అనిపించాను. అయినా కారణం రెక్కలు అయ్యుండవు. అక్క చేతి పని అది.

10వ తేదీ, మంగళవారం

మార్పు: బరువు.

ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదో. మిషను అదరకుండా లోపల పాతిక కిలోల సిమెంటు దిమ్మ ఉంటుంది. బరువున్నది కదలదు. ఇది నాకు అన్నం పెట్టే సూత్రం. తూనీగ పొట్టకి చిన్న స్పానరు ఒకటి కట్టాను.

తూనీగ లేవలేదు. గడ్డి మీద కోడిపెట్టలా మూడుసార్లు గెంతింది. నాలుగోసారి మూరెడు లేచి, పక్కకి ఒరిగి, కంచె పొదలోకి దూరింది. తీసేటప్పుడు నా చొక్కా జేబు చిరిగింది. పెద్దమాస్టారు కిటికీలోంచి అంతా చూశారు. చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

ఎగిరేదానికి బరువు కడితే ఏమవుతుందో ఎగిరే ముందు ఆలోచించి ఉండాల్సింది.

11వ తేదీ, బుధవారం

రాయడానికి ఏమీ లేదు.

12వ తేదీ, గురువారం

ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. రోజుకొక్క మార్పంటే ఇక అయ్యే పని కాదు. అత్యవసర పరిస్థితుల్లో నియమాలు సడలించవచ్చు. దేశాలే సడలిస్తాయి.

కాబట్టి ఇవాళ: కొత్త రకం నురగ. నల్లద్దం సగానికి. కెమెరా వేగం మార్పు. కాళ్ళకి స్పాంజి. బ్యాటరీ చుట్టూ రబ్బరు పట్టీ. మొత్తం ఐదు.

ఫలితం: బాగుపడింది! అత్తగారు, "ఇప్పుడు గట్టు కనబడుతోంది" అన్నారు. నిజంగానే ఒక మూల గీత దాదాపు తిన్నగా ఉంది.

ఐదింట్లో ఏది పనిచేసిందో నాకు తెలియదు.

13వ తేదీ, శుక్రవారం

ఏదో కనిపెడదామని ఒక్కొక్కటీ తీస్తూ వచ్చాను. మూడు తీశాక మొదటిరోజుకన్నా అన్యాయంగా వచ్చింది. మళ్ళీ పెట్టాను. ఇంకా అన్యాయం. ఏ నురగ ఎక్కడుండేదో రాసుకోలేదు. నియమం 2 అందుకే పెట్టుకున్నాను, పాటించలేదు.

అందరి తప్పులూ కనబడటం మొదలైంది. ఆ మైదానం ఎత్తుపల్లాలుగా ఉంది. గాలికి ఒక పద్ధతి లేదు. కెమెరా చేసినవాళ్ళకి బుద్ధి లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుగా ఉందండీ అంది మా ఆవిడ. ఎవరు ఆడలేకపోయింది? మద్దెల నిజంగానే ఓడు.

సాయంత్రం గ్రూపులో మళ్ళీ ఎవరో అడిగారు, "పాముల మైదానం సంగతేమైంది?" అని. నాకు ఒళ్ళు మండింది. మా అక్క గీతలు తిన్ననివని, వణికేది కెమెరా అని, కళ్ళున్నవాళ్ళు నడిచివెళ్ళి చూసుకోవచ్చని పెద్ద వ్యాసం రాశాను. రుజువుగా ఇవాళ్టి వీడియో పెట్టాను.

రుజువు ఎవరికి పనికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇరవై మూడు నవ్వు బొమ్మలు.

నియమం 1, 2, 3, 4. ఒక్కటీ మిగల్లేదు.

14వ తేదీ, శనివారం

అక్క వచ్చింది. గ్రూపు తను కూడా చూసింది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

టీ పెట్టాను. "సగం గ్లాసు చాలురా" అంది. ఈమధ్య ఎప్పుడూ సగమే. ఒళ్ళు తగ్గాలనుకుంటోందేమో అనుకున్నాను. రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"వదిలెయ్యరా తమ్ముడూ. ఎవరి చేత వేయించుకుంటారో వేయించుకోనీ. నాకు వేరే మైదానాలు లేవా?"

"నీ గీతలు తిన్నగా ఉన్నాయి కదక్కా. ఉన్నవాటిని ఉన్నట్టు చూపించడానికి ఇంత కష్టమా?"

అక్క గ్లాసు జాగ్రత్తగా బల్ల మధ్యలో పెట్టింది. "నీకు అంత నమ్మకమా?" అంది.

"నా మీద లేదు. నీ మీద ఉంది."

అక్క నా తల మీద ఒక మొట్టికాయ వేసి వెళ్ళిపోయింది.

15వ తేదీ, ఆదివారం

తూనీగ అటక మీద ఉంది. డైరీలో రేపటి సర్వీసు కాల్స్ రాసుకున్నాను. డైరీ పని డైరీ చేసుకుంటోంది. మా ఆవిడ కొత్త చెవి బిరడాలు కొనుక్కుని పడకగది గూట్లో తాళం వేసి పెట్టింది.

16వ తేదీ, సోమవారం
మధ్యాహ్నం 12:20, బస్సు స్టాపులో నిలబడి రాస్తున్నాను

రెండో అంతస్తులో ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు. మిషను పిండేటప్పుడు స్నానాలగదిలోంచి బయటికి వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడిందట, ఆయన లోపలే ఉండిపోయారు. మూత తీసి చూశాను. కాళ్ళు తుడుచుకునే మందపాటి పట్టా ఒకే ఒక్కటి, ఉండలా చుట్టుకుపోయి ఒక పక్కన అతుక్కుని ఉంది.

అలవాటు ప్రకారం పాఠం మొదలుపెట్టాను. "చూశారా, బరువంతా ఒక పక్కకి చేరింది."

"ఒక్క గుడ్డకేనా ఇంత గొడవ?"

"గుడ్డ అక్కర్లేదండీ. వేగంగా తిరిగేదానికి ఒక కొసన చిటికెడు బరువు ఎక్కువైనా చాలు, దానికి అతుక్కుని ఉన్నదల్లా..."

అక్కడ ఆగిపోయాను.

"ఏమైంది బాబూ?"

"రంగు" అన్నాను.

"తెల్లదే కదా" అన్నారు ఆయన మిషను వైపు చూసి.

ఒక కొసకి రంగు. ఒక్క కొసకే. మొదటి రెక్కకి కాస్త ఎక్కువ. తుడవకక్కా బాగుంది అన్నది నేనే. పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠం ఊరందరికీ చెబుతున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానంటే నాకు సరిగ్గా సరిపోతుంది. పైగా మొన్న బోల్టులు తియ్యని మనిషిని చూసి నవ్వాను.

స్క్రూడ్రైవరు ఆయన ఇంట్లోనే మర్చిపోయాను. తర్వాత తెచ్చుకోవచ్చు.

సాయంత్రం 5:50

రెక్కలు నాలుగూ ఊడదీశాను. మా ఆవిడ కుట్టు సూది బల్ల అంచు దాటేలా పడుకోబెట్టి, దాని మీద ఒక్కో రెక్కనీ మధ్య కన్నంతో తగిలించి వదిలాను. సరైన రెక్క త్రాసులా అడ్డంగా నిలబడాలి. నాలుగుకి నాలుగూ పసుపు కొస వైపు వాలాయి. మొదటిది టక్కున పడిపోయింది.

మా ఆవిడ గోళ్ళరంగు తుడిచే మందు (ఈసారి అడిగి) తీసుకుని తుడిచాను. అక్క ఊపిరి బిగబట్టి వేసిన రంగు. తుడుస్తుంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది. గుడ్డకి అంటిన పసుపుని పారెయ్యబుద్ధి కాలేదు, గుడ్డ మడిచి పనిముట్ల పెట్టెలో పెట్టాను.

ఇప్పుడు నాలుగూ అడ్డంగా నిలబడ్డాయి. మార్పు: ఒక్కటే. రాశాను.

17వ తేదీ, మంగళవారం
ఉదయం 7:30

మైదానంలో ఎవరూ లేరు. గాలి లేదు. ఎగరేశాను. మోత కూడా మారింది, దోమ గోల పోయి నిజంగా తూనీగలా ఉంది.

వీడియో తిన్నగా వచ్చింది. గడ్డి గడ్డిలా ఉంది. అత్తగారు చూసి, "ఈసారి నేల మీద తీశారు" అన్నారు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. కళ్ళనీళ్ళు వచ్చాయని రాస్తే రేపు నాకే సిగ్గుగా ఉంటుంది, అయినా వచ్చాయి.

ఉదయం 8:10

ఫోనులో కాదు, పెద్ద టీవీలో పెట్టి మళ్ళీ చూశాను.

ఏడు గీతలు దారం పట్టి లాగినట్టున్నాయి. వంపుల దగ్గర కూడా. ఎనిమిదోది, బయటి చివరిది, తిన్నగా లేదు. పొడుగునా సన్నటి వణుకు. జానెడు దూరానికో చిన్న అల. గడ్డి కదలట్లేదు, ఏడో గీత కదలట్లేదు, వీడియో ఆపి చూసినా ఎనిమిదోది అలాగే ఉంది.

అది కెమెరా వణుకు కాదు.

ఎడమచేత్తో కుడి మణికట్టు. సగం గ్లాసు టీ. రెండు చేతులు. "నీకు అంత నమ్మకమా?"

ఇరవై నాలుగు గంటలూ వణుకు గురించే ఆలోచించే మనిషిని. నాకు కనబడలేదు.

మధ్యాహ్నం 1:15

ఒక ఆలోచన వచ్చింది. ఏడు గీతలవరకే తీస్తే? ఎనిమిదోది అంచున ఉంది, చట్రంలో పడకపోతే ఎవరికీ తెలియదు. అది కూడా తీసి ఉంచాను. చాలా బాగా వచ్చింది. దీక్ష పూర్తి చేసినట్టే.

సాయంత్రం 6:30

అక్క దగ్గరికి రెండు వీడియోలూ తీసుకెళ్ళాను. మొదట ఏడు గీతలది చూపించాను. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన పని తను మొదటిసారి పైనుంచి చూడటం అది. మూడుసార్లు వేయించుకుంది. "పిట్టలు పెట్టిపుట్టాయిరా" అంది.

తర్వాత అడిగింది, "ఎనిమిదోది ఏదీ?"

దాచలేకపోయాను. రెండోది వేశాను. చూసింది.

"పోయిన ఏడాది నుంచి" అంది. "పొద్దున బాగానే ఉంటుంది. అలిసిపోతే చెయ్యి మాట వినదు. ఏడు గీతలూ పొద్దుటిపూట వేశాను. ఎనిమిదోదానికి మధ్యాహ్నమైపోయింది. డాక్టరుకి చూపించాను, ప్రాణానికేం ఫరవాలేదన్నాడు. కొందరికి వస్తుందట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? నాకూ రబ్బరు ముక్కలు పెడతావా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఆపేశాం.

రెక్కల రంగు సంగతి కూడా చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. అక్క కాసేపు లెక్క వేసుకున్నట్టు చూసింది. "అంటే నా చెయ్యి వణికి నీ దాని మీద ఎక్కువ రంగు పడింది. దానివల్ల అది వణికి నా గీతలన్నీ వంకరన్నారు. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చిందన్నమాట."

"తుడవద్దన్నది నేను."

"అది నీ వాటా. తీసుకో."

18వ తేదీ, బుధవారం

పెద్దమాస్టారి గది. ఏ వీడియో చూపించాలో చెప్పమని దారిలో అడిగాను. "మొత్తం ఉన్నది" అంది అక్క.

ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. "అమ్మా, ఇవి స్కేలు పెట్టి గీసినట్టున్నాయి కదా. మేం అనవసరంగా..."

"ఎనిమిదోది చూడండి."

చూశారు. "ఇది కిందినుంచి ఎవరికి తెలుస్తుందమ్మా. వదిలేద్దాం."

"నాకు తెలిసిపోయింది కదండీ. ఏడూ ఉంచండి. ఎనిమిదోది శుక్రవారం పొద్దున్న చెరిపి మళ్ళీ వేస్తాను. అప్పుడు కూడా బాగుండకపోతే మీరు ఎవరినైనా పిలుచుకోండి, నేనే పక్కన నిలబడి చూపిస్తాను."

ఆయన ఒప్పుకున్నారు. బయటికి రాగానే అక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. "గొప్పగా చెప్పేశాను గాని, నాకు భయంగా ఉందిరా" అంది.

తర్వాత, అక్క రంగు నింపి తోస్తూ గీతలు వేసే బండి పిడి మీద చెయ్యి వేసి చూశాను. సన్నటి ఇనప గొట్టం, బండి మొత్తం ఖాళీ డబ్బాలా తేలిక. చేతిలో ఏ చిన్న అదురు పుట్టినా సూటిగా చక్రానికి పోతుంది. ఎగిరేదానికి పనికిరాని సూత్రం నేల మీద తిరిగేదానికి పనికొస్తుంది. బరువున్నది కదలదు.

19వ తేదీ, గురువారం

దుకాణంలో పాడైపోయిన మిషను ఒకటి ఉంది. దాని సిమెంటు దిమ్మ ఊడదీసి, పగలగొట్టి, సగం ముక్క అక్క బండి అడుగున బిగించాను. పిడికి తలుపు రబ్బరు చుట్టాను. ముందు చక్రం బేరింగు మార్చాను. ఇరుసుకి నూనె వేశాను. మొత్తం నాలుగు మార్పులు. నియమం 1 మళ్ళీ పోయింది. మనిషన్నాక మారాలి గాని, ఒక్క రాత్రిలో మారాలంటే ఎలా?

అక్క తోసి చూసింది. "ఏనుగుని తోస్తున్నట్టుందిరా" అంది. తర్వాత ఇంకో నాలుగడుగులు తోసి, "కానీ బుద్ధిమంతురాలైన ఏనుగు" అంది.

20వ తేదీ, శుక్రవారం
రాత్రి 8:30

పొద్దున్నే అక్క పాత గీత చెరిపి కొత్తది వేసింది. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను పక్కనే నడిచాను, ఊపిరి బిగబట్టి. అవసరం నాకు లేదు, అయినా బిగబట్టాను.

తూనీగని లేపాను. ఈసారి అక్క కూడా నా పక్కన నిలబడి ఫోనులో చూసింది.

ఎనిమిదో గీత తిన్నగా ఉంది. రెండోసారి వెళ్ళి దగ్గరగా చూశాం. ఆ గీత పక్కన మాత్రం, పొడుగునా, తెల్లటి అడుగుల గుర్తులు. పడుతూ లేస్తూ, ఒకటి లోపలికీ ఒకటి బయటికీ. బండిలోంచి చిందిన తడి రంగు తొక్కుకుంటూ నడిచింది నేనే.

"అబ్బ, ఇది మాత్రం నిజంగా వంకరగా ఉందిరా" అంది అక్క. నవ్వి నవ్వి గడ్డి మీద కూర్చుంది. పెద్దమాస్టారు వచ్చేలోపల, తూనీగని గాల్లోనే ఉంచేసి, అడుగులన్నీ బ్రష్షుతో రుద్ది తుడిచాను. నలభై ఆరు.

గ్రూపులో ఈ వీడియో నేను పెట్టలేదు. పెద్దమాస్టారే పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరు మాత్రం, "ఆ మూల గడ్డి తుడుస్తున్నదెవరు?" అని అడిగారు.

22వ తేదీ, ఆదివారం

నిన్న పోటీలు అయిపోయాయి. ఎనిమిదో వరసలో పరిగెత్తిన పిల్ల ఆఖరున వచ్చింది. అది గీత తప్పు కాదు.

కొత్త దీక్ష. మొదటిరోజు. నియమాలు పాతవే:

1. రోజుకి ఒక్క మార్పే. (ఈసారి నిజంగా.)
2. అదే రోజు రాయాలి.
3. ఎవరికీ చూపించకూడదు.
4. కోపం తెచ్చుకోకూడదు.

ఇవాళ్టి మార్పు: మిషను డ్రమ్ములోంచి తీసిన పాత ఇనప బేరింగు ఒకటి కడిగి, తోమి, స్టీలు టీ గ్లాసు అడుక్కి బిగించాను. బరువుగా ఉంది, చేతిలో కుదురుగా కూర్చుంటుంది. సాయంత్రం నాలుగింటికి అక్క వచ్చింది. "సగం చాలురా" అంది.

నిండా పోశాను.

అక్క గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, ఒక చేత్తో పట్టుకుంది. పెదవిదాకా తీసుకెళ్ళేలోపల ఒక చుక్క చీర మీద పడింది. ఒక్కటే. మిగతాదంతా తాగింది.

ఒక చుక్క అని రాసుకున్నాను. రేపు ఇంకో మార్పు చేసి చూస్తాను.